సిరా అంటని చోటు

పాట వినడానికి నేనెప్పుడూ ఎవరి అనుమతీ అడగలేదు. అడిగి ఉంటే ఎవరో ఒకరు వద్దనేవారు, నేను ఇంట్లో కూర్చునేదాన్ని. సికింద్రాబాద్‌లో మేం పెరిగిన రోజుల్లో పాటకు కొదవ లేదు. కాకపోతే ఏ పాట ఎవరిదో అందరికీ ముందే తెలుసు. శ్రీరామనవమి పందిట్లో కచేరీ ఒకరిది. దర్గా ఉర్సులో కవ్వాలీ ఇంకొకరిది. రైల్వే వాళ్ల క్లబ్బులో శనివారం సాయంత్రం మోగే గిటార్లు, ట్రంపెట్లు వేరేవాళ్లవి. ఆదివారం పొద్దున చర్చిలో హార్మోనియం మాది. ఎవరి పాట వాళ్లు వింటే ఏ గొడవా లేదు. నాకు అన్నీ కావాలి. గొడవంతా అక్కడే.

మా వాళ్లు కోస్తా నుంచి వచ్చినవాళ్లు. నాన్న మిషన్ స్కూల్లో తెలుగు మాస్టారు. బోయిగూడలో రెండు గదుల వాటా మాది. చర్చిలో హార్మోనియం నాన్నే వాయించేవారు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. నా పాట పిచ్చిని అదుపులో పెట్టడమూ, దానికి దారులు చూపించడమూ రెండూ ఆయన మీదే పడ్డాయి. ఆయన రెండూ చేశారు. తిరుమలగిరిలో మిలటరీ బ్యాండు వాయిస్తుంటే నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్లి, కంచె బయట నిలబడి వినిపించింది ఆయనే. నవమి పందిట్లో వయొలిన్ కచేరీకి మొదటిసారి పంపిందీ ఆయనే. పంపేటప్పుడు ఒక షరతు పెట్టారు.

"చెవులు తీసుకెళ్లమ్మా. నుదురు మాత్రం ఇంట్లో పెట్టి వెళ్లు."

తెలుగు ప్రొటెస్టెంటు ఇళ్లలో పెరిగినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. మాకు మెడలో సిలువ ఉన్నా లేకపోయినా, నుదురు మాత్రం ఖాళీగా ఉండాలి. వీధిలో పదిమంది ఆడపిల్లలు నడుస్తుంటే, మా వాళ్ల పిల్ల ఎవరో చెప్పేది ఆ ఖాళీ నుదురే.

కచేరీ పందిరి గుమ్మం దగ్గర ఒక చిన్న బల్ల ఉంటుంది. దాని మీద పళ్లెం. పళ్లెంలో కుంకుమ, గంధం, పటిక బెల్లం, పక్కన పన్నీరు బుడ్డి. లోపలికి వెళ్లే ప్రతి ఆడమనిషికీ బొట్టు పెట్టి పంపడం మర్యాద. నేను ముందే చెయ్యి చాపేదాన్ని. గంధం చేతికి రాయించుకుని, పటిక బెల్లం పలుకు నోట్లో వేసుకుని, కుంకుమ అద్దిన వేలు నా వైపు లేచేలోపల పక్కామె వెనక్కి జరిగిపోయేదాన్ని. కొన్నేళ్లకు ఆ బల్ల దగ్గర కూర్చునే పెద్దావిడకు నా సంగతి తెలిసిపోయింది. "ఆ అమ్మాయికి గంధం చాలే" అని పక్కావిడతో చెప్పేది. నేను మూడో వరసలో కూర్చుని చివరి మంగళం దాకా వినేదాన్ని. నుదురు ఇంట్లోనే ఉండేది.

పత్రికలో చేరాక పాట వినడం తగ్గుతుందని నాన్న ఆశపడ్డారు. తగ్గలేదు. అయితే సంగీతం గురించి రాయమని ఆఫీసులో నన్నెవరూ పంపలేదు. నా పని డెస్కులో. నీళ్ల ట్యాంకర్లు, పొంగే డ్రైనేజీలు, కూలిన ప్రహరీగోడలు. సిటీ పేజీ సరిచేసి కింద ప్రెస్సుకు దింపడం. మా పత్రికకు కచేరీ అంటే దీపం వెలిగించే ముఖ్య అతిథి, శాలువా. ఆ రెండూ ఫొటోలో ఉంటే పాట ఎలా ఉందన్నది ఎవరికీ పట్టదు. అందుకే నా ఖర్చుతో, నా సెలవు రోజున వెళ్లేదాన్ని. వెళ్లి వచ్చాక ఏమీ రాయకపోవడం కూడా ఒక హాయి. విన్నది మొత్తం నాకే మిగిలేది.

ఒక ఏడాది ఎండాకాలం మొదట్లో, ఊళ్లోని పెద్ద మైదానంలో జానపద సంగీతోత్సవం పెట్టారు. జిల్లాల నుంచి బృందాలను లారీల్లో, బస్సుల్లో రప్పించారు. మైదానం నిండా షామియానాలు, వేదిక మీద పెద్ద బ్యానరు, ముందు వరసలో సోఫాలు. నేను ఆదివారం ఆరాధన ముగించుకుని, క్వయర్‌లో ఈస్టరు పాట ప్రాక్టీసు చేసి, అటునుంచి అటే వెళ్లాను. లెంటు రోజులు. ఈస్టరుకు ముందు నలభై రోజులు మా ఇళ్లలో సినిమాలు, వేడుకలు ఉండవు. జానపద ఉత్సవం వేడుకా కాదా అని ఎవరూ తేల్చలేదు, నేనూ అడగలేదు.

ఒగ్గు కథ వాళ్లు వేదికెక్కేసరికి మధ్యాహ్నం ఎండ షామియానా లోపలికి దిగింది. కథ చెప్పే పెద్దాయన కాళ్లకు గజ్జెలు, చేతిలో చిన్న డమరుకం. పక్కన డోలు, తాళాలు. వెనక వంత పాడేవాళ్లు. వంత సంగతి కాస్త చెప్పాలి. కథకుడు ఒక మాట పాడి ఆగుతాడు. వెనకవాళ్లు ఆ మాటను అందుకుని సాగదీస్తారు. వాళ్లు అందుకునేదాకా ఆయన రెండో మాటకు పోడు. ఆగి, చెవి అటు పెట్టి నిలబడతాడు. ఆ ఆగడంలో భయం లేదు. వెనకాల ఎవరో ఉన్నారన్న నమ్మకం ఉంది. నేను ఎన్నో కచేరీలు విన్నాను గాని, పాటలో అంత ధీమాగా ఆగిన మనిషిని అప్పటిదాకా చూడలేదు.

ఒక్కో బృందానికి పది నిమిషాలని నిర్వాహకులు పెట్టుకున్నారు. రాత్రులకు రాత్రులు చెప్పే కథకు పది నిమిషాలు. నిర్వాహకుడు ఒకాయన, జేబుకు బ్యాడ్జీ పెట్టుకున్నాయన, వేదిక పక్క నుంచి చెయ్యి ఊపడం మొదలుపెట్టాడు.

"టైమైందండీ. ముగించండి."

పెద్దాయన అటు తిరిగాడు. మైకులోనే చెప్పాడు. "సారూ, మా దేవుడు ఇంక పుట్టనే లే. పెండ్లెప్పుడు చెయ్యాలె?"

జనం గొల్లుమన్నారు. నిర్వాహకుడు నవ్వలేదు.

"సంక్షిప్తంగా చెప్పండి. తర్వాత కోలాటం వాళ్లు కాచుకుని ఉన్నారు."

"జల్ది జల్ది చేస్తె పిల్ల దొరకదు సారూ, పెండ్లి సంబంధమిది."

మైకు కట్టేశారు. పెద్దాయన నోరు కదులుతోంది, మాట వినిపించడం లేదు. రెండు క్షణాలు చూశాడు. డమరుకాన్ని చంకలో పెట్టుకుని, వెనక బెంచీల దాకా వినపడేలా గొంతెత్తి, తన వాళ్లతో "దిగుండ్రి" అన్నాడు. మైకు దగ్గరున్న కుర్రవాడి వైపు తిరిగి, కోపం లేకుండానే, "మైకు మీది బిడ్డా. కథ మాది" అన్నాడు.

మైదానం చివర, షామియానా నీడ అయిపోయిన చోట వాళ్లు మట్టిలో నిలబడ్డారు. సోఫాల్లోంచి ఎవరూ లేవలేదు. వెనక బెంచీల వాళ్లం లేచి వెళ్లి చుట్టూ కూర్చున్నాం. మల్లెపూలు అమ్మేవాళ్లు, హాస్టలు మెస్సు నుంచి వచ్చిన పిల్లలు, పక్క వీధి ఆడవాళ్లు, నేను. వేదిక మీద కోలాటం మొదలైంది. ఇక్కడ డోలు మొదలైంది. రెండూ కలిసి ఒక దాని మీద ఒకటి పడుతూ ఉన్నాయి. కాసేపటికి నాకు డోలు ఒక్కటే వినిపించింది.

దేవుడు పుట్టాడు, పెరిగాడు, పిల్లను చూశాడు. పెళ్లి దాకా వచ్చాక పెద్దాయన ఆగాడు. చుట్టూ చూశాడు.

"పెండ్లి షురూ అయితాంది. మీరు సుట్టాలా, దారిన పొయ్యేటోళ్లా?"

"సుట్టాలే" అన్నారు జనం.

"సుట్టాలైతె నుదురు గిట్లనే ఉంటదా?"

నడుముకు కట్టుకున్న సంచిలోంచి పసుపు తీశాడు. బండారి అంటారు వాళ్లు. కథలో పెళ్లి జరిగేటప్పుడు వినేవాళ్లందరికీ అది పెట్టడం ఆనవాయితీ అని అప్పుడే తెలిసింది. వరసగా పెట్టుకుంటూ వస్తున్నాడు. ముసలమ్మకు, పూలమ్మికి, పిల్లలకు. నా దగ్గరికి వచ్చాడు. వేలు గాలిలో ఆగింది. నా ఖాళీ నుదురు చూశాడు, మెడలో సన్న గొలుసుకున్న సిలువ చూశాడు.

"నీకు పెట్టాల్నా బిడ్డా? వద్దంటె వద్దు. పెండ్లిల నీ జాగ నీకుంటది."

డోలు ఆగి ఉంది. తాళాలు ఆగి ఉన్నాయి. ఎప్పటిలాగే పక్కకు జరగడానికి నాకు దారి ఉంది, ఆయనే ఇచ్చాడు. అన్నేళ్లూ నవమి పందిట్లో తప్పుకున్నదాన్ని. ఇక్కడ తప్పుకోవాలనిపించలేదు. దేవుణ్ణి మార్చుకోవాలనీ అనిపించలేదు. కథ ఇంత దూరం తీసుకొచ్చాక గుమ్మం బయట నిలబడడం మర్యాద కాదనిపించింది, అంతే. తల ముందుకు వంచాను. ఆయన బొటనవేలితో నిండుగా రాశాడు. డోలు అందుకుంది.

అప్పుడే ఎక్కడో కెమెరా చప్పుడైంది. మా పత్రిక ఫొటోగ్రాఫరు. నాకన్నా చిన్నవాడు, బన్సీలాల్‌పేట్ మనిషి. నన్ను అక్కా అంటాడు.

ఆ సాయంత్రం నాకు డ్యూటీ ఉంది. సిటీ పేజీ నాదే. ఆరు దాటాక ఫొటోగ్రాఫరు తడి ఆరని ప్రింట్లు మూడు పట్టుకొచ్చి నా బల్ల మీద పరిచాడు. ఒకటి, ముఖ్య అతిథి దీపం వెలిగించడం. రెండు, నిర్వాహకుడు శాలువా కప్పడం. మూడోది మట్టిలో నిలబడిన పెద్దాయన, చుట్టూ జనం, ముందు నేను.

"అక్కా, జెర చూడుండ్రి. ఇండ్ల మీరున్నరు. గా దీపం ఫొటో ఏద్దామా?"

మూడోది చేతిలోకి తీసుకున్నాను. పసుపు నలుపు తెలుపు ఫొటోలో తెల్లగా వస్తుంది. నా నుదుటి మీద బొటనవేలంత తెల్లటి చోటు. ఎవరో అక్కడ సిరా అంటకుండా చెయ్యి అడ్డం పెట్టినట్టు. నా కళ్లు సగం మూసి ఉన్నాయి, పళ్లు కనిపిస్తున్నాయి. అంత సంతోషంగా ఉన్న నా ఫొటో ఇంట్లో ఒక్కటీ లేదు.

చీఫ్ సబ్ ఎడిటరు నా భుజం మీదుగా చూశాడు. "మన మొహాలు మన పేపర్లో వేసుకోం కదమ్మా."

"ఈ ఉత్సవంలో పాట కనిపిస్తున్న ఫొటో ఇదొక్కటేనండీ. మిగతా రెండిట్లో మనుషులే ఉన్నారు."

"నీ ఇష్టం. రేపు ఎవరైనా అడిగితే నువ్వే చెప్పుకో."

"చెప్పుకుంటాను."

కింద ఒకే వాక్యం రాశాను: కథలో జరిగిన పెళ్లికి వచ్చిన చుట్టాలు. పేజీ కిందికి దింపాను. ఇది పొరపాటున జరిగిందని తర్వాత చాలామంది నాకోసం నమ్మడానికి సిద్ధపడ్డారు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. చూసే పంపాను.

తెల్లవారి నాన్న టీ తాగుతూ పేపరు విప్పారు. సిటీ పేజీ దగ్గర టీ గ్లాసు కింద పెట్టారు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"అచ్చు సరిగ్గా రాలేదు" అన్నారు నా వైపు చూడకుండా.

"బాగానే వచ్చింది నాన్నా."

"ఇక్కడ... సిరా అంటలేదు."

"అది పసుపు."

ఆయన పేపరు నాలుగు మడతలు పెట్టి దిండు కింద దాచారు. ఊరంతా అమ్ముడయ్యే పేపరును దిండు కింద దాచడం చూసి నాకు నవ్వొచ్చింది. నవ్వితే ఆయన బాధపడతారని వంటింట్లోకి వెళ్లాను.

బుధవారం సాయంత్రం క్వయర్ మాస్టారు మా ఇంటికి వచ్చారు. ఆయన సంఘ పెద్ద కూడా. నాకు పదేళ్లప్పుడు స్వరం పట్టుకోవడం నేర్పింది ఆయనే. పక్కవాళ్లు వేరే స్వరం పాడుతున్నా నా స్వరం వదలకుండా నిలబడడం నేర్పిందీ ఆయనే. చేతిలో పేపరు ఉంది.

"వందనాలండీ మాస్టారూ" అని నాన్నను పలకరించి కూర్చున్నారు. పేపరు విప్పి వేలు పెట్టారు. "అమ్మాయ్, ఇది అచ్చుతప్పు కదూ? మా పక్కింటి పేపర్లోనూ ఇలాగే వచ్చింది. మెషిన్లో సిరా తక్కువై ఉంటుంది."

అడగడం లేదాయన. నా చేతికి సాకు అందిస్తున్నారు. తీసుకుంటే అయిపోతుంది. ఆయన వెళ్లి సంఘం కమిటీకి చెప్తారు, ఈస్టరుకు నేను ఎప్పటి చోట నిలబడతాను.

"మా మెషిన్‌మ్యాన్ మంచి పనివాడండీ. ఆయన తప్పేమీ లేదు."

మాస్టారు పేపరు మీంచి వేలు తీశారు. "ఈస్టరు వస్తోంది. నాలుగు స్వరాల పాట. ఆల్టోలో నువ్వు లేకపోతే ఎలా ఉంటుందో నీకు తెలుసు, నాకు తెలుసు. ఒక్క మాటమ్మా."

నాన్న హార్మోనియం పెట్టె మీద దుమ్ము తుడుస్తున్నారు. దుమ్మేమీ లేదు.

ఆ క్వయర్ నాకేమిటో చెప్పాలి. ఊరంతా తిరిగి ఎక్కడెక్కడి పాటో విన్నాను గాని, అన్నిచోట్లా నేను వినేదాన్నే. నోరు విప్పి పాడే చోటు నాకు ఈ లోకంలో అదొక్కటే. హార్మోనియం వాయించే నాన్న కుడిచేతి పక్కన, రెండో వరస మొదట, ఆడగొంతుల్లో కింది స్వరమైన ఆల్టోలో. దానికోసం అబద్ధం ఆడాలా? ఆడినా అది చిన్న అబద్ధమే. ఒక తెల్ల మచ్చంత.

ఆ ఒక్క మాట నా నుంచి రాకపోవడంతో, రెండు రోజులకు ఆరాధన గది పక్కనున్న చిన్న గదిలో కమిటీ కూర్చుంది. అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, క్వయర్ మాస్టారు, స్త్రీల సమాజం పెద్దావిడ, ఇంకో ఇద్దరు. నాన్న బయట మెట్ల మీద కూర్చున్నారు. పేపరు బల్ల మీద ఉంది.

పెద్దావిడ ముందు మాట్లాడింది. "పసుపే కదండీ, కుంకుమ కాదుగా. కాలేజీ రోజుల్లో మొటిమలకు రోజూ నేనే రాసుకునేదాన్ని."

"మొటిమలకు రాసుకుంటే పేపర్లో వేయరు కదమ్మా" అన్నారు పక్కాయన.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అయ్యగారు నవ్వు ఆగేదాకా చూసి, మెల్లగా అడిగారు. "అమ్మా, ఇది ముద్రణ లోపమా, కాదా? లోపమైతే మీ పత్రికలో చిన్న సవరణ వేస్తారు కదా. అది చాలు మాకు."

పత్రికలో పనిచేసేవాళ్లకు సవరణ అంటే ఏమిటో బయటివాళ్లకు తెలియదు. పేరు తప్పు పడితే వేస్తాం. ఊరు తప్పు పడితే వేస్తాం. ఉన్నది ఉన్నట్టు పడితే వేయడానికి సవరణ లేదు.

"లోపం కాదండీ. ఆయన పెట్టాలా వద్దా అని అడిగి పెట్టారు. నేనే తల వంచాను. ఫొటో వేసిందీ నేనే."

అయ్యగారు పేపరు మడిచి పక్కన పెట్టారు.

"వినడానికి వెళ్లొద్దని మేం అనలేదే" అన్నారు మాస్టారు. "చెవులతో విను."

"చెవులొక్కటే వెళ్లవండీ. నేనూ వెళ్తాను."

"అయితే దీనికి పశ్చాత్తాపం..."

"కథ చివరిదాకా విన్నందుకా?"

పెద్దావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అయ్యగారు కళ్లు మూసుకున్నారు. తేల్చింది ఇది: సంఘం ముందు నిలబడి, జరిగినదానికి విచారిస్తున్నానని చెప్పేదాకా నేను క్వయర్‌కు దూరంగా ఉండాలి. ఆరాధనకు రావచ్చు. కోపంగా చెప్పలేదు. ఆ మంచితనమే నాకు కష్టంగా ఉంది. కోప్పడితే తిరిగి కోప్పడొచ్చు.

ఇంటికి నడుస్తుంటే నాన్న బోయిగూడ మలుపు దాకా నాకన్నా నాలుగడుగులు ముందే ఉన్నారు. మలుపు దగ్గర నిలబడ్డారు.

"వాళ్లడిగింది ఒక్క ముక్క."

"అబద్ధం ముక్క నాన్నా."

"పిల్లలకు చదువు చెప్పినవాణ్ణి, అబద్ధమాడమని నేను చెప్పగలనా? అది కాదు. నా కుడిచేతి పక్కన నువ్వుంటావు. ఇక అటు చూస్తే ఎవరుంటారు?"

ఆయన నడిచారు, నేనూ నడిచాను.

సంగతి ఆఫీసులో తెలిసింది. ఫొటోగ్రాఫరు క్యాంటీన్‌లో ఎదురుగా కూర్చున్నాడు. పరేషాన్‌గా ఉన్నాడు.

"నా తోనే అయ్యింది గదా అక్కా. నేనొచ్చి మీ అయ్యగారికి చెప్త. మిషన్ల ఏదో అయ్యిందని. గింత మాట."

అందరి చేతిలోనూ అదే సిరా డబ్బా. నా నుదురు నింపడానికి.

"ఈ ఏడాది నువ్వు తీసిన ఫొటోల్లో బాగున్నది అదొక్కటే. దాన్నే మిషన్ మీదికి తోస్తావా?"

"గదొక్కటేనా? ఏందక్కా, గట్లంటరు?" అన్నాడు. రోషం వచ్చింది. సిరా మాట మళ్లీ ఎత్తలేదు.

ఆదివారం నుంచి గుమ్మం పక్క చివరి బెంచీలో కూర్చున్నాను. అక్కడి నుంచి క్వయర్ వినడం అదే మొదటిసారి. ఆల్టో పల్చగా ఉంది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. నాన్న వాయిస్తూ అలవాటు కొద్దీ కుడివైపు తల తిప్పి, మళ్లీ పుస్తకం వైపు తిప్పుకునేవారు.

కచేరీలు మాత్రం మానలేదు. మానితే తప్పు ఒప్పుకున్నట్టే. ఆ ఏడాది నవమి ఈస్టరుకన్నా ముందే వచ్చింది. పందిరి గుమ్మం దగ్గర పెద్దావిడ నన్ను చూసి ఎప్పటిలాగే గంధం గిన్నె నా వైపు జరిపింది. గంధమే తీసుకున్నాను. కుంకుమ అడగలేదు. క్వయర్‌లో నా చోటు పోయిందని నేను ఇంకొకరి వరసలోకి మారిపోలేదు. పసుపు ఆ పెళ్లిలోది, ఆ కథలోది. దాన్ని వెనక్కి తీసుకోమంటే తీసుకోను, ఇంకోటి చేర్చమన్నా చేర్చను. మూడో వరసలో కూర్చుని చివరిదాకా విన్నాను.

మా చర్చిలో ఒక అలవాటు ఉంది. ఆరాధనకు ముందు కొట్టే మొదటి గంటకూ రెండో గంటకూ మధ్య క్వయర్ పాడదు, అయ్యగారు రారు. వచ్చి కూర్చున్నవాళ్లలో ఎవరైనా పాట ఎత్తుకోవచ్చు. ముసలివాళ్లు ఎత్తుకుంటారు, పిల్లలు ఎత్తుకుంటారు. ఎవరు ఏ శ్రుతిలో ఎత్తుకున్నా హార్మోనియం వెతుక్కుని అందుకోవాలి. అందరూ కలుస్తారు. ఎవరు ఎత్తుకోవాలో, ఎవరు ఎత్తుకోకూడదో ఏ కమిటీ రాయలేదు. అది ఎవరి చేతిలోనూ లేని సమయం.

ఈస్టరు పొద్దున చర్చి నిండిపోయింది. తెల్ల చీరలు, లిల్లీ పూల వాసన. మొదటి గంట కొట్టారు. క్వయర్ వాళ్లు పక్క గదిలో వరస సర్దుకుంటున్నారు. మాస్టారు ముందు నిలబడి పుస్తకం తిరగేస్తున్నారు. నాన్న హార్మోనియం తెరిచి కూర్చున్నారు. నేను చివరి బెంచీలోంచి లేచి నిలబడ్డాను.

ఎత్తుకున్నది అమ్మమ్మ ఊళ్లో పాడే పాత కీర్తన. ఒకరు ఒక చరణం పాడి ఆగాలి, మిగతావాళ్లు అందుకోవాలి. ఒంటరిగా పాడడానికి వీల్లేని పాట. కావాలనే అది ఎంచుకున్నాను. తేలికైనది పాడి తప్పించుకోవచ్చు. అప్పుడు నేనొక్కదాన్నే పాడినట్టవుతుంది.

మొదటి చరణం పాడి ఆగాను.

ఎవరూ అందుకోలేదు. తలలు తిరిగాయి. మాస్టారు పుస్తకం మూశారు. వేలు మధ్యలో ఉండిపోయింది. నాన్న వేళ్లు మెట్ల మీదే ఉన్నాయి, కదల్లేదు. ఆయన మాస్టారి వైపు చూడలేదు, నా వైపూ చూడలేదు. నాకు మట్టిలో నిలబడిన పెద్దాయన గుర్తొచ్చాడు. చెవి అటు పెట్టి, ధీమాగా ఆగిన మనిషి. నాకా ధీమా లేదు. అయినా ఆగాను. కూర్చోవడానికి బెంచీ వెనకే ఉంది. కూర్చోలేదు. అదే చరణం మళ్లీ, మొదటిసారికన్నా పెద్ద గొంతుతో పాడాను.

హార్మోనియం ఊపిరి తీసుకుంది. ముందు ఒక తప్పు మెట్టు మోగింది. తర్వాత ఇంకోటి. తర్వాత నా శ్రుతి దొరికింది. నాన్న తల ఎత్తకుండా వంగి వాయిస్తున్నారు. స్త్రీల సమాజం పెద్దావిడ గొంతు మొదట కలిసింది. మొటిమల పెద్దావిడే. ఆ తర్వాత కోస్తా నుంచి వచ్చిన ముసలివాళ్లు, వాళ్లను చూసి మిగతావాళ్లు. చర్చి మొత్తం నా చరణాన్ని అందుకుని సాగదీసింది. నేను రెండోదానికి పోయాను. మూడో చరణం మధ్యలో రెండో గంట కొట్టారు. చరణం పూర్తిచేసే కూర్చున్నాను.

కమిటీ తన మాట వెనక్కి తీసుకోలేదు. నేను సంఘం ముందు నిలబడి విచారించలేదు. రెండో వరసలో నా చోట ఇంకో అమ్మాయిని పెట్టారు, బాగానే పాడుతుంది. మాస్టారు ఎదురైతే వందనం చెప్తారు, నేనూ చెప్తాను. ఆ పేపరు కత్తిరింపు నా దగ్గర ఉంది. కాగితం పసుపుపచ్చగా మారింది, నుదుటి మీది ఆ చోటుతో సహా.

ఆ పొద్దున ఆరాధన అయ్యాక నాన్న, నేను నడిచి వస్తున్నాం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. బోయిగూడ మలుపు దగ్గర ఆయన కుడిచేతి వేళ్లు విరుచుకుంటూ అన్నారు.

"మరీ పైన ఎత్తుకున్నావమ్మా. నల్ల మెట్లన్నీ వెతికితే గాని దొరకలేదు. వచ్చే వారం కాస్త దించు."

"దించను నాన్నా."

ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్లూ చివరి బెంచీలోంచి నేను ఎత్తుకుంటూనే ఉన్నాను. ఒక్కసారీ దించలేదు. ఆయన చెయ్యే పై మెట్లకు వచ్చేది.